కుట్టుపెట్టె: బొంత కుట్టేవారి ప్రశ్నలకు జవాబులు

రెండు నెలల కిందట ఈ శీర్షికలో పాత నూలు చీరలతో బొంత కుట్టే పద్ధతిని వివరించాను. ఆ తరువాత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువమంది కుట్టు గురించి కాక, కుట్టుకు కావలసిన పనిముట్ల గురించి అడిగారు. ఏది కొనాలి, ఏది అక్కరలేదు, ఇంట్లో ఉన్నదానితో ఎంతవరకు పని జరుగుతుంది అన్న సందేహాలు దాదాపు అందరివీ. అందువల్ల ఈ నెల స్థలమంతా వాటికే కేటాయిస్తున్నాను. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చాను.

ప్రశ్న: మా అమ్మ పోయి ఏడాది దాటింది. ఆమె కట్టుకున్న నూలు చీరలు పదకొండు నా దగ్గర ఉన్నాయి. వాటితో బొంత కుట్టాలని ఉంది. నాకు జాకెట్లు, లంగాలు కుట్టడం వరకే వచ్చు. బొంతకు ప్రత్యేకమైన సామాను కావాలని, దానికి వేలల్లో ఖర్చవుతుందని కొందరు చెబుతున్నారు. నిజంగా ఏమేమి కొనాలి? (ఒక గృహిణి, తణుకు)

జవాబు: మీ దగ్గర మిషను ఉన్నప్పటికీ ఈ బొంతను చేత్తోనే కుట్టమని నా సలహా. ఉతికి ఉతికి మెత్తబడిన నూలుగుడ్డ నాలుగు పొరలున్నా చేతి సూది అందులో సులువుగా దిగుతుంది. చేతి కుట్టులో కొంత వదులు ఉంటుంది కనుక బొంత వాడినకొద్దీ ఇంకా మెత్తబడుతుంది. మిషను కుట్టు అదే గుడ్డను అట్టలాగా బిగదీస్తుంది. పైగా చేతి పనికి కావలసిన సామాను చాలా తక్కువ. పొట్టి సూదుల ప్యాకెట్టు ఒకటి, 40వ నంబరు నూలు దారం పెద్ద ఉండలు రెండు, మీ నడిమి వేలికి సరిగ్గా పట్టే వేలితొడుగు ఒకటి, గుడ్డకు తప్ప మరి దేనికీ వాడని కత్తెర ఒకటి, కొలత టేపు, సుద్ద, తుప్పు పట్టని పిన్నీసులు వందకు తగ్గకుండా ఉంటే చాలు. కత్తెర మినహా మిగిలినవేవీ ఖరీదైనవి కావు, అన్నీ మీ ఊళ్లో టైలరింగ్ మెటీరియల్ అమ్మే దుకాణంలోనే దొరుకుతాయి.

ఈ జాబితాలో పిన్నీసులను చాలామంది తేలికగా తీసుకుంటారు. బొంత పాడయ్యేది చాలావరకు కుట్టే దగ్గర కాదు, పొరలు పరిచే దగ్గర. నేలను శుభ్రంగా తుడిచి, అడుగు చీరను తిరగేసి పరిచి, నాలుగు మూలలనూ అంటించే టేపుతో నేలకు బిగించి, దాని మీద ఒక్కొక్క పొరను అరచేత్తో నడుమ నుంచి అంచులకు నిమురుతూ పరవాలి. ఆ తరువాత నడుమ నుంచే మొదలుపెట్టి బెత్తెడుకు ఒకటి చొప్పున అన్ని పొరలనూ పట్టేలా పిన్నీసులు పెట్టాలి. పిన్నీసులు సరిపోకపోతే ముదురు రంగు దారంతో పొడవాటి కచ్చా కుట్లు వేసి, పని అయ్యాక తీసివేయవచ్చు. ఈ దశకు ఒక పూట పట్టినా తొందరపడవద్దు. ఇక్కడ ముడత పడితే తరువాత ఏ పనిముట్టూ దాన్ని సరిచేయలేదు.

కొలత విషయానికి వస్తే, అయిదున్నర మీటర్ల చీరను నడుమకు కోసి రెండు ముక్కలనూ పక్కపక్కన కలిపితే సుమారు 108 అంగుళాల పొడవు, 90 అంగుళాల వెడల్పు గల పొర ఒకటి వస్తుంది. అంటే డబుల్ కాట్ బొంతకు నాలుగు పొరలు వేయదలిస్తే నాలుగు చీరలు కావాలి. మీ పదకొండు చీరలనూ ఒక్కొక్కటిగా వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. కుచ్చిళ్లు వచ్చే చోట, నడుము దగ్గర దోపుకునే చోట గుడ్డ జల్లెడలా పలచబడి ఉంటుంది. రెండు చేతులతో మెల్లగా లాగినప్పుడు పోగులు విడిపోతున్న చీరను పారవేయవద్దు, లోపలి పొరగా వేయండి. గట్టిగా ఉన్నవాటిని పైకీ కిందికీ ఉంచండి. అంచులను ముందే కోసి దాచితే చివర నాలుగు వైపులా పట్టీగా వేయడానికి పనికివస్తాయి. ఇంత చెప్పిన తరువాత మరొకటి కూడా చెప్పాలనిపిస్తోంది. అమ్మగారికి బాగా ఇష్టమైన చీర ఒకటి కోయకుండా అలాగే ఉంచుకోండి.

ప్రశ్న: చేతి సూదుల ప్యాకెట్టు మీద 7, 9, 10 అని, మిషను సూదుల మీద 11, 14, 16 అని నంబర్లు ఉంటాయి. కొన్నిటి మీద 90/14 అని కూడా ఉంటుంది. దుకాణంలో అడిగితే ఏదైనా ఒకటే అంటున్నారు. బొంతకు ఏ సూది వాడాలి? కుట్టు మధ్యలో తప్పిపోవడానికి కారణం సూదేనా? (ఒక పాఠకురాలు, ఖమ్మం, ఇదే విషయం అడిగినవారు మరో నలుగురు)

జవాబు: అన్ని ప్రశ్నలలోకీ నాకు ముఖ్యమైనదిగా కనిపించినది ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఏదైనా ఒకటే అనడం సరికాదు. చేతి సూదులకూ మిషను సూదులకూ నంబర్లు ఒకదానికొకటి ఎదురుగా నడుస్తాయి. చేతి సూదిలో నంబరు పెరిగినకొద్దీ సూది సన్నబడి పొట్టిదవుతుంది, మిషను సూదిలో నంబరు పెరిగినకొద్దీ లావవుతుంది. మీరు చూసిన 90/14లో రెండూ ఒకే కొలతకు రెండు పేర్లు: 90 అంటే సూది కాడ మందం 0.90 మిల్లీమీటర్లని అర్థం, 14 అనేది అదే సూదికి సింగర్ మిషన్ల కంపెనీ పద్ధతిలో ఉన్న నంబరు. పలచని మల్లు గుడ్డకు 11, మామూలు నూలుకు 14, బొంత పొరలకు 16, జీన్సు వంటి గట్టి గుడ్డకు 18 వాడాలి.

చేత్తో బొంత కుట్టడానికి బిట్వీన్స్ అనే పొట్టి సూదులు ప్రత్యేకంగా ఉన్నాయి. పొట్టిగా ఉన్న సూది వంగదు, పొరలన్నిటినీ దాటి నిటారుగా దిగి వెంటనే పైకి తేలుతుంది, కాబట్టి కుట్లు చిన్నవిగా, ఒకే కొలతలో వస్తాయి. కొత్తగా నేర్చుకునేవారు 8వ నంబరుతో మొదలుపెట్టి, చేయి తిరిగాక 10కి వెళ్లవచ్చు. పరుపులు, గోతాలు కుట్టే దబ్బనంతో బొంత కుట్టడం కొన్ని ఇళ్లలో చూశాను. అది గుడ్డలో వదిలిన కన్నం పూడదు, పాత గుడ్డ అక్కడి నుంచే చిరగడం మొదలుపెడుతుంది.

ఇక కుట్టు తప్పిపోవడం సంగతి. మిషను సూది గుడ్డలోకి దిగి పైకి లేవడం మొదలుపెట్టగానే బెజ్జం వెనుక దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. కింద తిరిగే షటిల్ మొన ఆ ఉచ్చును అందుకుని బాబిన్ దారం, అంటే కింద చిన్న చక్రానికి చుట్టి ఉండే దారం, చుట్టూ తిప్పితేనే కుట్టు పడుతుంది. సూది కొంచెం వంగినా, మొన అరిగినా, పూర్తిగా పైకి ఎక్కించకుండా బిగించినా ఆ ఉచ్చు షటిల్‌కు అందదు, కుట్టు తప్పుతుంది. బొంతలో పొరలు ఎక్కువ కనుక సన్నని సూది గుడ్డ లోపలే వంగి ఇదే ఇబ్బంది తెస్తుంది. సూదికి ఒక పక్క పొడవాటి గాడి ఉంటుంది. దారం ఆ గాడి ఉన్న వైపు నుంచే బెజ్జంలోకి వెళ్లాలి. తిరగవేసి బిగిస్తే మిషను ఒక్క కుట్టు కూడా సరిగా వేయదు. ఇంటి మిషను సూది కాడ పైభాగం ఒక వైపు చదునుగా ఉంటుంది, ఫ్యాక్టరీలలో వాడే మిషను సూది కాడ గుండ్రంగా ఉంటుంది. ఒకసారి పట్టణంలోని ఒక దుకాణంలో తొందరలో డజను సూదులు కొని ఇంటికి తెచ్చి చూస్తే అన్నీ గుండ్రని కాడవే. వాటిలో ఒక్కటీ నా మిషనుకు పనికిరాలేదు. అప్పటి నుంచి పాత సూదిని కాగితంలో చుట్టి వెంట తీసుకువెళ్లి, పక్కన పెట్టి పోల్చి చూసుకున్న తరువాతే డబ్బు ఇస్తున్నాను.

విరిగేదాకా ఒకే సూదితో కుట్టడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. ఎనిమిది గంటలు కుట్టిన తరువాత సూదిని మార్చడం మంచి పద్ధతి. గుడ్డలో దిగేటప్పుడు టప్ టప్‌మని చప్పుడు వస్తున్నదంటే ఇక లెక్క చూడనక్కరలేదు, అప్పుడే మార్చాలి. వేలకు వేలు పెట్టి కొన్న మిషను కూడా కొద్ది రూపాయల ఆ సూది మొన ఎంత బాగుంటే అంత బాగానే కుడుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు, ఎడమచేతి వాటం. ముక్కలు కలిపి చిన్న బొంతలు కుట్టడం నేర్చుకుంటున్నది. కత్తెరతో గుడ్డ కోసేటప్పుడు గుడ్డ తెగకుండా నలిగిపోతున్నది. కుడిచేత్తో కోయమని చెబితే ఏడుస్తున్నది. (ఒక తండ్రి, కరీంనగర్)

జవాబు: దయచేసి చేయి మార్చమని చెప్పకండి. లోపం అమ్మాయి చేతిలో లేదు, కత్తెరలో ఉంది. మామూలు కత్తెరను కుడిచేత్తో పట్టుకుని కోసినప్పుడు బొటనవేలు, మిగిలిన వేళ్లు సహజంగా ఇచ్చే ఒత్తిడి రెండు అలుగులనూ ఒకదానికొకటి ఒరుసుకునేలా చేస్తుంది. అదే కత్తెరను ఎడమచేత్తో పట్టుకుంటే ఆ ఒత్తిడి అలుగులను విడదీస్తుంది, గుడ్డ ఆ సందులో మడతపడి నలుగుతుంది. గీసిన గీత కూడా పై అలుగు వెనుక దాగి కంటికి కనబడదు. అలుగులు తారుమారుగా అమర్చిన ఎడమచేతి కత్తెరలు విడిగా తయారవుతున్నాయి. చిన్న ఊళ్లలో దుకాణదారుకు చెప్పి తెప్పించుకోవలసి రావచ్చు, కాని తెప్పించండి. పిడి మాత్రమే ఎడమచేతికి అనువుగా మలిచి అలుగులు మామూలుగా ఉన్నవి కూడా అమ్ముతారు. వాటితో ప్రయోజనం లేదు. ఎడమచేతి కత్తెరను తెరిచి మొనలు పైకి ఉండేలా ముందు పట్టుకుంటే ఎడమ వైపు అలుగు పైకి, అంటే మీ వైపుకు, కనిపించాలి.

కత్తెరల గురించి మరికొందరు కూడా అడిగారు కనుక వారికీ ఇక్కడే చెబుతున్నాను. మన దేశంలో కత్తెరలకు పేరుపొందిన ఊరు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్. పాత వాహనాల స్ప్రింగుల వంటి తుక్కు ఉక్కును కరిగించి, సాగగొట్టి అక్కడ కత్తెరలు చేస్తారు, వాటికి 2013లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అటువంటి కత్తెరను మొద్దుబారినప్పుడల్లా సాన పట్టించి ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. తొమ్మిది లేక పది అంగుళాలది, పిడి పైకి వంగి ఉన్నది తీసుకుంటే కింది అలుగు బల్ల మీద ఆని కదులుతుంది, గుడ్డను పైకి ఎత్తవలసిన పని ఉండదు. దానితో కాగితం కోయకండి. కాగితం తయారీలో సున్నపు పొడి, మట్టి వంటివి కలుపుతారు, అవి అలుగును అరగదీస్తాయి. మా ఇంట్లో గుడ్డ కత్తెర పిడికి ఎర్ర గుడ్డ పీలిక ముడివేసి ఉంటుంది. ఆ పీలిక ఉన్నదాన్ని వంటింట్లోకి తీసుకువెళ్లకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ప్రశ్న: నేను టెక్సాస్‌లో ఉంటున్నాను. ఇక్కడ బొంతలు కుట్టే స్త్రీల బృందంలో చేరాను. వారందరి దగ్గరా చక్రం కత్తి (పిడికి బిగించిన గుండ్రని అలుగును గుడ్డ మీద దొర్లించి కోసేది), కోత చాప (కోసేటప్పుడు గుడ్డ కింద పరిచేది), అక్రిలిక్ స్కేళ్లు ఉన్నాయి. అవి లేకుండా మొదలుపెట్టవద్దని అంటున్నారు. మా నాయనమ్మ ఇవేవీ లేకుండానే కుట్టింది కదా అని నాకు అనిపిస్తోంది. కొనమంటారా, వద్దంటారా? (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, డాలస్)

జవాబు: మీరు కుట్టదలచిన బొంత ఎలాంటిదో దాన్ని బట్టి జవాబు మారుతుంది. చిన్న చిన్న ముక్కలను నక్షత్రాలుగా, త్రికోణాలుగా కలిపి కుట్టే అమెరికా పద్ధతిలో ప్రతి కలుపు కుట్టుకూ పావు అంగుళం చొప్పున గుడ్డ వదులుతారు. ముక్క కోతలో ఒక నూలుపోగంత తేడా ఉన్నా, ఇరవై ముక్కలు కలిపేసరికి ఆ తేడా కూడి వరుసలు ఒకదానితో ఒకటి కలవవు. అటువంటి పనికి చక్రం కత్తి గొప్ప సాధనం. దీన్ని 1979లో జపాన్‌లోని ఓల్ఫా సంస్థ మొదట తయారు చేసింది. ఆ తరువాత బొంత కోసం గుడ్డ కోసే తీరే మారిపోయింది. 45 మిల్లీమీటర్ల చక్రం ఉన్నది అన్ని పనులకూ సరిపోతుంది. దానితో పాటు చాప తప్పనిసరి, ఎందుకంటే బల్ల మీదో గాజు మీదో కోస్తే చక్రం ఒక్కరోజులో మొద్దుబారుతుంది. స్కేలు 6 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవు ఉన్నది ఒక్కటి కొనండి. మిగిలిన ఆకారాలవి ఏడాది గడిచాక అవసరమనిపిస్తే చూసుకోవచ్చు. చాపను ఎండలో, ముఖ్యంగా మీ టెక్సాస్ వేసవిలో కారులో వదలకండి, దాని మీద ఇస్త్రీ చేయకండి. వేడికి వంకరపోయిన చాప మళ్లీ చదును కాదు. చక్రం చాలా పదునైనది కనుక ప్రతి కోత తరువాత దాని మూత వేయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

మీరు నాయనమ్మగారి పద్ధతిలో పొడవాటి పొరలు వేసి పరుగు కుట్టుతో కుట్టదలిస్తే మాత్రం ఇవేవీ అక్కరలేదు. నూలుగుడ్డ అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులతో చింపితే పోగు వెంట నిటారుగా చిరుగుతుంది. మన గుడ్డల దుకాణాలలో మీటరు గుడ్డ అలాగే చింపి ఇచ్చేవారు. అంతకంటే తిన్ననైన గీత స్కేలుతో కూడా రాదు. మీ దేశంలోనే అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలం పనికి వేసుకుని చిరిగిన ప్యాంట్లు, చొక్కాలతో తరతరాలుగా బొంతలు కుట్టారు. 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో, ఆ తరువాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో వాటిని ప్రదర్శించారు. ఆ బొంతలలో చాలావాటి గీతలు స్కేలు పెట్టినట్లు ఉండవు, ఆ అందం అందులోనే ఉంది. ఇక్కడ కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్ది తెగ స్త్రీలు కుట్టే కవంది అనే బొంత కూడా అలాంటిదే. ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచు వెంట గుడ్డ ముక్కలను మడిచి పెట్టి కుట్టుకుంటూ, చుట్టూ తిరిగి నడుమకు చేరతారు. ముందుగా కొలిచి కోసిన నమూనా ఏదీ ఉండదు. మీ బృందంలో ఈ సంగతి చెప్పండి, వారికీ ఆసక్తిగా ఉంటుంది.

గీతలు గీయడానికి అక్కడ చాలామంది వేడికి చెరిగిపోయే పెన్ను వాడతారు. ఇస్త్రీ పెట్టె తగలగానే గీత మాయమవుతుంది కాని, గడ్డకట్టే చలిలో అదే గీత తిరిగి కనబడుతుంది. ఉత్తరాది రాష్ట్రాలలో ఉన్నవారికి బహుమతిగా పంపదలచిన బొంత మీద దాన్ని వాడకండి. ముదురు రంగు గుడ్డ మీదకు అరిగిపోయిన సబ్బు బిళ్ల అంచు చాలా మంచిది. మన దర్జీలు ఎప్పటి నుంచో వాడుతున్నారు, ఒక్క ఉతుకుతో పోతుంది. మైనం కలిసిన సుద్ద మాత్రం ఇస్త్రీ వేడికి కరిగి మరక వేస్తుంది.

ప్రశ్న: మిషను మీద బొంత కుడుతుంటే పై పొర ముందుకు జరిగి, చివరకు వచ్చేసరికి ముడతలు పడుతున్నది. మాది కాలితో తొక్కే పాత నల్ల మిషను. కొత్తది కొనక తప్పదా? (ఒక అంగన్‌వాడీ కార్యకర్త, అనకాపల్లి)

జవాబు: కొనవద్దు. మిషను కింద ఉన్న పళ్లు అడుగు పొరను మాత్రమే వెనక్కి లాగుతాయి. పైన ఉన్న ఫుట్ పై పొరను నొక్కి పట్టి ఉంచుతుంది. రెండు పొరలే ఉంటే ఆ తేడా మనకు తెలియదు, నాలుగైదు పొరలలో అది అంగుళాల్లోకి పెరుగుతుంది. దీనికి వాకింగ్ ఫుట్ అనే ప్రత్యేకమైన ఫుట్ ఉంది. దానికి పైన కూడా పళ్లుంటాయి. సూది బిగించే మర మీద ఆనే చిన్న చేయి సాయంతో ఆ పళ్లు కింది పళ్లతో పాటు కదిలి పై పొరనూ లాగుతాయి. మీ మిషను ఫుట్‌ను విప్పి దుకాణానికి తీసుకువెళ్లి, అదే ఎత్తులో బిగుసుకునేది దొరికితే కొనండి. దొరకకపోతే, మిషను తల పైన ఫుట్ ఒత్తిడిని పెంచి తగ్గించే మరను రెండు మూడు చుట్లు వదులు చేసి, కుట్టు పొడవును 3 మిల్లీమీటర్లకు పెంచి, కచ్చా కుట్లు మరింత దగ్గరగా వేసి, నడుమ గీత నుంచి మొదలుపెట్టి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు కుట్టుకుంటూ వెళ్లండి. దూది నింపిన బొంతకు ఇది సరిపోదు. దూది కదలకుండా ఉండాలంటే గీతలు దగ్గరదగ్గరగా పడాలి, లేకపోతే మొదటి ఉతుకులోనే ఉండలు కడుతుంది.

ప్రశ్న: నాకు 70 ఏళ్లు. చేతులు ఇంకా బాగానే ఆడుతున్నాయి, కాని సూదిలో దారం ఎక్కించడం కష్టంగా ఉంది, వేళ్ల చివరలు గుచ్చుకుని నొప్పి పుడుతున్నాయి. మునిమనవరాలికి బొంత కుట్టాలని పట్టుదలగా ఉంది. (ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, అనంతపురం)

జవాబు: అమ్మా, నమస్కారం. మీ ఉత్తరం చదివి ఎంతో సంతోషించాను. దారాన్ని ఏటవాలుగా కోసి, సూది వెనుక తెల్ల కాగితం పెట్టుకుంటే బెజ్జం స్పష్టంగా కనబడుతుంది. సన్నని తీగ ఉచ్చు ఉన్న దారం ఎక్కించే రేకు చాలా చవక. తీగను బెజ్జంలో దూర్చి, దారాన్ని ఆ ఉచ్చులో పెట్టి వెనక్కి లాగితే చాలు. తల దగ్గర చీలిక ఉండి, పై నుంచి దారాన్ని నొక్కితే లోపలికి జారే సూదులు కూడా ఉన్నాయి. ఇంట్లో పిల్లలుంటే ఉదయమే పది సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి ఉంచమనండి. దారం మూరెడుకు మించి తీసుకోకండి. పొడవాటి దారం గుడ్డలో మాటిమాటికీ రాపిడి పడి పీచు లేస్తుంది, ముడులు పడుతుంది. తేనెమైనం ముద్ద మీదుగా దారాన్ని ఒకసారి లాగితే ముడులు చాలావరకు తగ్గుతాయి.

వేళ్ల సంగతికి వేలితొడుగు ఒక్కటే మార్గం. దర్జీలు దీన్నే అంగుస్తానా అంటారు. చాలామంది మొదట్లో ఒక పూట పెట్టుకుని, ఇబ్బందిగా ఉందని తీసి పక్కన పడేస్తారు. కుట్టే చేతి నడిమి వేలికి పెట్టుకుని, వేలు కిందికి దించి ఊపినా జారనంత సరిగ్గా ఉన్నది ఎంచుకోవాలి. దాని గుంటలలో సూది తలను ఆనించి తోయాలి, వేళ్లతో లాగకూడదు. వారం రోజులు ఓర్చుకుంటే అది లేకుండా కుట్టలేని స్థితి వస్తుంది. లోహం చల్లగా, బరువుగా అనిపిస్తే తోలుది దొరుకుతుంది. అడుగున సూది మొనను అందుకునే రెండో చేతి చూపుడు వేలికి మామూలు గుడ్డ ప్లాస్టరు చుట్టుకోండి. మీకు మధుమేహం ఉంటే ఈ జాగ్రత్త తప్పనిసరి, ఎందుకంటే వేళ్లకు స్పర్శ తగ్గినవారికి సూది గుచ్చుకున్న సంగతి ఒక్కొక్కసారి తెలియదు.

ప్రశ్న: మిషనుకు కొబ్బరినూనె వేయవచ్చా? (నల్లగొండ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: వేయకూడదు. కొన్నాళ్లకు అది చిక్కబడి జిగురులా పట్టుకుంటుంది. మిషను నూనె అని అమ్మే రంగులేని పలచని నూనె మాత్రమే వాడాలి. నూనె వేసే ముందు షటిల్ చుట్టూ చేరిన నూగును చిన్న బ్రష్షుతో తీసేయండి. వేసిన తరువాత పనికిరాని గుడ్డ మీద కాసేపు ఉత్తగా కుట్టి, నూనె మరక పడడం లేదని చూసుకున్నాకే మంచి గుడ్డ పెట్టండి.

ప్రశ్న: మాది సముద్రపు గాలి తగిలే ఊరు. సూదులు, గుండుసూదులు నెల తిరిగేసరికి తుప్పు పడుతున్నాయి. ఇంతకంటే పెద్ద చిక్కు ఒకటి ఉంది. మా అమ్మమ్మ సగం కుట్టి వదిలేసిన బొంత ఇటీవల ట్రంకుపెట్టెలో దొరికింది. సూది ఇంకా గుడ్డలోనే ఉంది, పూర్తిగా తుప్పుపట్టింది. దాన్ని ఎలా తీయాలి? ఆ బొంతను నేను పూర్తి చేయవచ్చా? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: ముందు తుప్పు సంగతి. స్పాంజి లేక దూది కూరిన సూదుల దిండు తేమను పట్టి ఉంచుతుంది. దానికి బదులు గొర్రె ఉన్ని కూరండి. ఉన్నిలో సహజంగా ఉండే జిడ్డు సూదులను కొంతవరకు కాపాడుతుంది. మిగిలిన సూదులను మూత బిగువుగా ఉన్న డబ్బాలో పెట్టి, ఒక చిన్న అయస్కాంతాన్ని కూడా అందులో ఉంచండి. నేల మీద పడిన సూదులను వెతకడానికి దాన్ని మించిన సాధనం లేదు. గుండుసూదులు కొనేటప్పుడు గాజు తల ఉన్నవి అడగండి. ప్లాస్టిక్ తలల గుండుసూదులు పెట్టి ఉన్న పట్టుచీర ఫాల్ మీద ఒకసారి తొందరలో ఇస్త్రీ పెట్టాను. తలలు కరిగి చీరకు అంటుకున్నాయి. అది పరాయివారి చీర. కొత్తది కొని ఇచ్చాను కాని, ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇక అమ్మమ్మగారి బొంత. ఆ సూదిని లాగకండి. తుప్పు గరుకు పోగులను తెంపుతుంది, వెళ్లినంత మేర మరక వేస్తుంది. సూదికి అటూ ఇటూ ఉన్న రెండు కుట్లను చిన్న కత్తెరతో కత్తిరించి, గుడ్డను వేళ్లతో వదులు చేసి, సూది పైకి తేలాక పట్టకారుతో ఎత్తి తీయండి. పెళుసుబారి విరిగితే ముక్కలన్నీ వచ్చాయో లేదో అయస్కాంతంతో చూసుకోండి. అక్కడ మరక మిగిలితే మిగలనివ్వండి; పాత గుడ్డ మీద నిమ్మరసం వంటివి ప్రయోగించి గుడ్డను పోగొట్టుకోవద్దు. ఉతకడం కూడా పని పూర్తయ్యాకే.

తప్పకుండా పూర్తి చేయండి. ఆమె కుట్లు అంగుళానికి ఎన్ని ఉన్నాయో, వరుసకూ వరుసకూ మధ్య ఎన్ని వేళ్ల దూరం ఉందో కొలిచి చూసుకోండి. దారం రంగు సరిగ్గా కలవకపోయినా పరవాలేదు, మందం మాత్రం కలవాలి. అందుకోసం పాత దారం ముక్క ఒకటి దుకాణానికి తీసుకువెళ్లండి. ముందుగా వేరే పాత గుడ్డ మీద ఆ కొలతకు చేయి కుదిరేదాకా కుట్టండి. కుదిరాక, ఆమె కుట్టు ఆగిన చోటికి నాలుగు కుట్లు వెనకగా మీ దారం ముడిని పొరల మధ్య దాచి, ఆ నాలుగు కుట్ల పక్కనే మీ సూదిని నడిపించి, అదే వరుసలో ముందుకు కుట్టుకుంటూ వెళ్లండి.